లారీ సర్వీసులో డీలరుకు ఏ పనులు ఇవ్వాలి, ఏవి మన దగ్గర ఉంచుకోవాలి

రెండేళ్ల కిందట కొన్న మీ డీజిల్ లారీకి ప్రతి సర్వీసులోనూ డీలరు ఇరవైకి పైగా పనులున్న జాబితా చేతికిస్తున్నాడనీ, వాటిలో సగం మీకు తెలిసిన మెకానిక్ చేయగలడనీ, నాలుగైదు మీరే చేసుకోగలరనీ, అయితే ఇంజను వారంటీ ఇంకా మిగిలి ఉన్నందున ఎక్కడ గీత గీయాలో తేలడం లేదనీ రాశారు. నేను గ్రీజు గన్ పట్టుకున్న కుర్రవాడిగా ఒక చిన్న గ్యారేజిలో మొదలుపెట్టి, కొన్నేళ్లు డీలరు వర్క్‌షాపులో సూపర్‌వైజరుగా ఉండి, ఆ తరువాత చాలాకాలం ఒక రవాణా సంస్థ లారీల నిర్వహణ చూసుకున్నాను. ఒకప్పుడు బిల్లు రాసినవాణ్ణి, తరువాత అదే బిల్లు కట్టినవాణ్ణి కాబట్టి రెండు వైపుల సంగతీ కొంత తెలుసు.

చాలామంది ఈ గీతను పని కష్టాన్ని బట్టి గీస్తారు. తేలికైనవి మనం చేసుకోవాలి, ఓ మాదిరివి బయటి గ్యారేజికి ఇవ్వాలి, కష్టమైనవి డీలరుకు వదిలేయాలి అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది గాని ఆచరణలో ఈ లెక్క నిలవదు. గేర్‌బాక్సు దింపి క్లచ్ ప్లేటు మార్చడం కష్టమైన పనే, అయినా అనుభవమున్న బయటి మెకానిక్ దాన్ని డీలరంత బాగానూ, ఒక్కోసారి అంతకన్నా ఓపికగానూ చేస్తాడు. డీజిల్ ఫిల్టరు మార్చడం అరగంట కూడా పట్టని పని, కానీ దాన్ని అశ్రద్ధగా చేస్తే ఇంజెక్టర్లు దెబ్బతింటాయి. అందువల్ల నేను చూసేవి వేరే రెండు సంగతులు. ఆ పనికి డీలరు దగ్గర తప్ప మరొక చోట దొరకని సాధనం గాని, సమాచారం గాని, పూచీ గాని అవసరమా అన్నది మొదటిది. పని సరిగా జరగకపోతే ఆ తప్పు ఎంతకాలానికి, ఏ రూపంలో బయటపడుతుందన్నది రెండవది. హెడ్‌లైటు బల్బు సరిగా బిగించకపోతే ఆ రాత్రే తెలుస్తుంది, మరునాడు సరిచేసుకుంటాం. రేడియేటరులో పోయకూడని కూలెంటు పోస్తే మాత్రం లక్ష కిలోమీటర్ల తరువాత ఇంజను సిలిండరు లైనర్లు (పిస్టను కదిలే గొట్టాలు) చిల్లులు పడినప్పుడు తెలుస్తుంది, అప్పటికి ఎవరు పోశారో కూడా ఎవరికీ గుర్తుండదు.

ఈ రెండు ప్రశ్నలతో చూస్తే డీలరు జాబితాలోంచి నేను ముందుగా తీసేసేది గ్రీజు పని. అది తేలిక కాబట్టి తీసేయడం లేదు. ఓపికతో చేయవలసిన పని, చేసిందీ లేనిదీ పైనుంచి చూస్తే తెలియని పని, పైగా ఏ వర్క్‌షాపులోనైనా అందరికన్నా కొత్తగా చేరిన కుర్రవాడికి అప్పగించే పని కాబట్టి తీసేస్తున్నాను. ఆ కుర్రవాడికి లారీకి ఇంత అని సమయం కట్టి ఉంటుంది. గాలితో నడిచే గన్‌ను నిపుల్‌కు (గ్రీజు ఎక్కించే చిన్న మొనకు) ఆనించి ఒకటి రెండు సార్లు నొక్కుతాడు, నిపుల్ మూసుకుపోయి గ్రీజు లోపలికి దిగకపోతే చుట్టూ పొంగినదాన్ని గుడ్డతో తుడిచి పక్క నిపుల్‌కు వెళ్లిపోతాడు. నేనూ అలాగే చేశాను కాబట్టి ఎవరినీ తప్పుపట్టే అర్హత నాకు లేదు. తరువాత మా సంస్థలో ఒక లారీ స్టీరింగు బరువెక్కిందని డ్రైవరు పదే పదే చెబితే విప్పి చూశాం. ఎడమవైపు కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఇరుసు చివర ఉండే పిన్ను) కింది బుష్ పూర్తిగా ఎండిపోయి పిన్నును కొరికేసి ఉంది. ఆ నిపుల్ రంధ్రంలో మొదటినాటి పెయింటు అలాగే ఉంది. అంటే ఆ చోటికి ఒక్కసారి కూడా గ్రీజు వెళ్లలేదన్నమాట. ఆ లారీని కొన్ననాటి నుంచి డీలరు దగ్గరే సర్వీసు చేయించాం, ప్రతి జాబ్ కార్డులోనూ గ్రీజు గడిలో టిక్కు ఉంది.

కింగ్ పిన్‌కు గ్రీజు పెట్టేటప్పుడు ముందు ఇరుసును జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు నేల నుంచి పైకి వచ్చిన తరువాత పెట్టాలి. లారీ బరువు పిన్ను మీద ఉన్నంతసేపూ ఆ బరువు మోసే ముఖం దగ్గర సందు మూసుకుపోయి ఉంటుంది గనుక గ్రీజు దారి సులువున్న వైపుకే పోతుంది, అవసరమున్న చోటికి చేరదు. లేపిన తరువాత చక్రాన్ని ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతూ, నల్లటి పాత గ్రీజు పోయి కొత్తదాని రంగు అంచున కనిపించే వరకూ కొట్టాలి. గేర్‌బాక్సు నుంచి వెనుక ఇరుసుకు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ (కీలు) దగ్గర నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు బయటికి రావాలి. మూడింటి నుంచి వచ్చి ఒకదాని నుంచి రాకపోతే షాఫ్టును అటూ ఇటూ కదిలించి మళ్లీ ప్రయత్నించాలి, అప్పటికీ రాకపోతే ఆ కప్పు లోపల సూది బేరింగులు ఎండిపోతున్నాయని అర్థం. సీలు అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే ఇక ఎండిపోవడం పూర్తయినట్టే, ఆ క్రాసును మార్చవలసిందే. బ్రేకు కామ్ షాఫ్టు బుష్‌ల దగ్గర మాత్రం ఇంత ఉదారంగా ఉండకూడదు. అక్కడ ఎక్కువైన గ్రీజు డ్రమ్ములోకి, బ్రేకు లైనర్ల మీదికి చేరితే బ్రేకు జారుతుంది. ఇంకొకటి, లిథియం గ్రీజు వాడుతున్న చోట పాలియూరియా గ్రీజు కలపకండి. చాలా సందర్భాల్లో రెండూ కలిసి పలచబడి కారిపోతాయి. ఈ శ్రద్ధను మీరో, మీ డ్రైవరో, లేదా మీ కళ్లముందు పనిచేసే మెకానికో చూపగలరు. డీలరుకు డబ్బు కట్టి దీన్ని కొనుక్కోవడం మాత్రం చాలా అరుదుగా సాధ్యమవుతుంది.

రోజూ, వారం వారం చూసుకునే పనులూ ఇదే కోవలోకి వస్తాయి. డీజిల్‌లో నీటిని వేరుచేసే ఫిల్టరు అడుగు నుంచి నీళ్లు వదలడం, ఆయిలు, కూలెంటు మట్టాలు చూడటం, టైర్ల గాలి, బెల్టులు, హోసులు చూడటం వంటివి మూడు నెలలకు ఒకసారి డీలరు చేసినందువల్ల పెద్ద ప్రయోజనం లేదు. బ్రేకులకు గాలి నిల్వ చేసే ఎయిర్ ట్యాంకుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దానివల్ల ఇంకొక పని గురించి తెలుస్తుంది. ఆ గాలిలోని తేమను పీల్చే ఎయిర్ డ్రయ్యరు బాగుంటే ట్యాంకు అడుగున వాల్వు తెరిచినప్పుడు పొడిగాలి తప్ప మరేమీ రాకూడదు. నీళ్లు వస్తున్నాయంటే డ్రయ్యరు కార్ట్రిడ్జి పని అయిపోయింది, మార్చాలి. పాలలా తెల్లగా, జిడ్డుగా వస్తున్నదంటే కంప్రెసరు ఆయిలు వదులుతున్నదని అనుమానించాలి, అప్పుడు కార్ట్రిడ్జి ఒక్కటే మారిస్తే కొత్తది కూడా త్వరగానే పాడవుతుంది. కార్ట్రిడ్జిని మార్చడానికి డీలరు అక్కర్లేదు. వ్యవస్థలో గాలి పూర్తిగా వదిలేసిన తరువాతే విప్పాలన్న జాగ్రత్త ఉన్న మెకానిక్ ఎవరైనా చాలు.

ఇంజను ఆయిలు మార్చడం దగ్గర అభిప్రాయభేదాలు ఎక్కువ. ఆయిలు దించి పోయడానికి డీలరు అవసరం లేదన్నది నిజమే, కానీ ఏ ఆయిలు పోస్తున్నారన్నది మాత్రం చిన్న విషయం కాదు. మీ లారీకి సైలెన్సరు దారిలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటే ఆయిలులో బూడిద తక్కువగా ఉండాలి. ఆయిలులోని లోహపు రసాయనాలు కాలినప్పుడు మిగిలే బూడిద డీపీఎఫ్‌లో పేరుకుంటుంది, మసిని కాల్చినట్టు దాన్ని కాల్చి వదిలించుకోలేం. ఆయిళ్లకు తరగతులు నిర్ణయించే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) వారి సీజే-4, సీకే-4 తరగతుల ఆయిళ్లలో సల్ఫేటు బూడిద 1.0 శాతానికి మించకూడదన్న పరిమితి అందుకే పెట్టారు. పాత సీఐ-4 ఆయిలు పాత ఇంజన్లకు మంచిదే గాని, చవకగా వచ్చిందని డీపీఎఫ్ ఉన్న ఇంజనులో పోస్తే ఆ నష్టం ఏడాదికో రెండేళ్లకో కనిపిస్తుంది. 2016 చివర్లో సీకే-4తో పాటు వచ్చిన ఎఫ్ఏ-4 పలచటి ఆయిలు, దాని కోసం రూపొందించిన ఇంజన్లకే సరిపోతుంది. తరగతి కొత్తది కదా అని దేనిలో పడితే దానిలో పోయడానికి లేదు. డబ్బా మీది పెద్ద అక్షరాలకన్నా వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న ఈ తరగతినీ, మీ ఇంజను తయారీదారు పుస్తకంలో ఇచ్చిన ఆమోద సంఖ్యనూ సరిపోల్చుకుంటే బయట మార్చినా భయం లేదు.

ఇక్కడ డీలరుకు కట్టే సొమ్ములో కొంత భాగం పెట్టి చేయించదగిన పని ఒకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఆయిలు మార్చే ముందు వేడిగా ఉన్నప్పుడు చిన్న సీసాడు నమూనా తీసి ప్రయోగశాలకు పంపడం గురించి చెబుతున్నాను. నమూనాలో సిలికాన్ పెరిగితే చాలావరకు గాలి ఫిల్టరు దారిలో దుమ్ము లోపలికి వెళుతున్నదని, సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంటు ఆయిలులోకి చేరుతున్నదని, డీజిల్ శాతం ఎక్కువుంటే ఇంజెక్టరు కారుతున్నదని అనుమానించవచ్చు. ఒక్కసారి తీసిన నమూనా పెద్దగా చెప్పదు, వరుసగా మూడు నాలుగు నివేదికలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఏది పెరుగుతున్నదో తెలుస్తుంది. డీలరు చేసే సాధారణ పరీక్షల్లో దీనికి సాటివచ్చేది నేను చూడలేదు.

డీజిల్ ఫిల్టరు గురించి పైన ఒక మాట అన్నాను, దాని వెనుక నా తప్పొకటి ఉంది. పాత ఇంజన్ల రోజుల్లో కొత్త ఫిల్టరును డీజిల్‌తో నింపి బిగించడం మా అందరి అలవాటు, గాలి తీయడం సులువవుతుందని. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం (రైలు) నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందించే కామన్ రైలు ఇంజన్లు వచ్చిన కొత్తలో నేను అదే పని చేశాను. డబ్బాలోంచి పోసిన ఆ డీజిల్‌ను ఫిల్టరు మధ్య రంధ్రంలో, అంటే శుభ్రమైన వైపున పోశాను. అది ఏ వడపోతా లేకుండా నేరుగా పంపుకు, అక్కడి నుంచి ఇంజెక్టర్లకు వెళ్లింది. ఇప్పటి ఇంజన్లలో రైలు ఒత్తిడి చాలావాటిలో 2000 బార్ల వరకు, కొన్నిటిలో అంతకు మించి ఉంటుంది, ఇంజెక్టరు లోపలి సందులు కొన్ని మైక్రాన్లు మాత్రమే. కంటికి కనపడని నలుసు అక్కడ బండరాయితో సమానం. కొన్ని వారాలకే రెండు ఇంజెక్టర్లు మార్చవలసి వచ్చింది. వడపోతలో చివరిదైన రెండవ ఫిల్టరును ఎప్పుడూ పొడిగానే బిగించి, చేతిపంపుతోనో విద్యుత్ పంపుతోనో గాలి తీయాలి. ఈ విషయం తెలిసిన మెకానిక్ దగ్గర ఈ పని నిశ్చింతగా చేయించుకోవచ్చు. "ముందు నింపే బిగిస్తాం" అన్నవాడికి మాత్రం ఇవ్వకండి. ఇంకా, ఇంజను నడుస్తున్నప్పుడు హై ప్రెజరు పైపుల కారుడును ఎన్నడూ వేలితో తడిమి చూడకూడదు. అంత ఒత్తిడిలో వచ్చే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

కూలెంటు విషయంలో రంగును నమ్మకండి. ఆకుపచ్చ ఒకటి, ఎరుపు ఒకటి అన్న పాత గుర్తులు ఇప్పుడు పనికిరావు, వేర్వేరు రసాయనాలవి ఒకే రంగులో వస్తున్నాయి. తడి లైనర్లున్న (లైనరును కూలెంటు నేరుగా తాకే) ఇంజన్లలో పిస్టను తాకిడికి లైనరు కంపించి, కూలెంటు వైపు చిన్న చిన్న ఆవిరి బుడగలు పుట్టి పగులుతూ లోహాన్ని గుచ్చి గుచ్చి తినేస్తాయి. దాన్ని అడ్డుకునే రసాయనం తగ్గిపోయినా, పొంతనలేని వేరే కూలెంటు కలిసినా ఆ రక్షణ పోతుంది. అందువల్ల మట్టం తగ్గినప్పుడు పోయడానికి అదే రకం డబ్బా ఒకటి లారీలోనే ఉంచుకోవాలి. రసాయనం ఉన్నదీ లేనిదీ తెలిపే పరీక్ష పట్టీలు దొరుకుతాయి, వాటిని వాడటం ఎవరికైనా వస్తుంది. కూలెంటు మొత్తం మార్చేటప్పుడు మాత్రం, వారంటీ ఉన్నంతకాలం, డీలరు దగ్గర మార్చడమే మేలని నా అభిప్రాయం. చాలా ఏళ్లకు ఒకసారి వచ్చే పని, తప్పు ఆలస్యంగా బయటపడే పని, అప్పుడు ఏ రకం పోశారన్న రుజువు చేతిలో ఉండవలసిన పని అది.

టాపెట్ సెట్టింగు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందును సరిచేయడం కూడా దాదాపు అలాంటిదే. వదులుగా ఉన్న టాపెట్ టకటకమని చప్పుడు చేసి తన సంగతి తానే చెబుతుంది. బిగుతుగా ఉన్నది చప్పుడు చేయదు. వాడకంలో వాల్వు తన సీటులోకి కొంచెం కొంచెంగా దిగుతూ పోతే ఆ సందు తగ్గుతుంది, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోక ఎగ్జాస్టు వాల్వు కాలిపోతుంది. అంటే "ఇంజను చాలా మెత్తగా నడుస్తోంది, టాపెట్ ఇప్పుడెందుకు" అన్నమాటే ప్రమాదకరమైనది. ఇంజను చల్లారిన తరువాత ఫీలర్ గేజితో, సరైన కొలతలు ముందు పెట్టుకుని చేసే మెకానిక్ ఉంటే బయట చేయించవచ్చు. కొలతలు జ్ఞాపకం మీద చెప్పేవాడు వద్దు. ఇంజను బ్రేకు ఉన్న లారీ అయితే దాని సందు కొలత వేరుగా ఉంటుంది, అది అడిగితే తెల్లముఖం వేసేవాడి దగ్గరి నుంచి లారీని వెనక్కి తెచ్చుకుని డీలరుకే ఇవ్వండి.

బ్రేకుల విషయంలో నా మాట కొంత వింతగా అనిపించవచ్చు. లైనర్లు మార్చడానికి డీలరు అవసరం లేదు, కానీ బ్రేకును కొలవడం మీరు నేర్చుకోవాలి. డ్రమ్ము బ్రేకు లారీలో గాలి ఒత్తిడి 6 నుంచి 7 బార్ల మధ్య ఉండగా, చక్రాలకు అడ్డు పెట్టి, పార్కింగు బ్రేకు వదిలి, ఒకరు పెడలు పూర్తిగా నొక్కి పట్టుకోవాలి. గాలి ఒత్తిడితో కడ్డీని నెట్టే బ్రేకు చాంబరు నుంచి ఆ కడ్డీ ఎంత బయటికి వచ్చిందో రెండవవారు స్కేలుతో కొలవాలి. 30 రకం (టైప్ 30) మామూలు చాంబరుకు ఆ కొలత 51 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆ కడ్డీకీ బ్రేకు కామ్‌కూ మధ్య ఉండి లైనరు అరుగుదలను సర్దే స్లాక్ అడ్జస్టరు తనంతట తాను సర్దుకునే రకమైతే, కొలత దాటిందని స్పానరు పెట్టి తిప్పి సరిచేయడం మంచి పద్ధతి కాదు. అది తనంతట సర్దుకోలేదంటే దానిలోనో, కామ్ బుష్‌లోనో, డ్రమ్ములోనో దోషమున్నట్టు, తిప్పితే ఆ దోషం కొన్నాళ్లు కప్పబడుతుందంతే. ఈ పని చాలాచోట్ల జరుగుతుంది, డీలరు దగ్గర కూడా. వెనుక చాంబర్లలో వందల కిలోల బలంతో నొక్కి ఉంచిన స్ప్రింగు ఉంటుంది గనుక ఆ భాగాన్ని ఎవరూ విప్పకూడదు, మీరూ మీ మెకానికూ కూడా. పాడైతే మొత్తం చాంబరు మార్చాలి.

ఇక డీలరుకు డబ్బు కట్టి తీరవలసిన పనుల దగ్గరికి వస్తాను. అవి దాదాపు అన్నీ కంప్యూటరుతో ముడిపడినవే. బయటి గ్యారేజీల్లో ఉండే స్కానర్లు చాలావరకు లోపం సంఖ్యను చదవగలవు, కొన్ని చెరపగలవు. కానీ ఇంజను కంప్యూటరులోకి కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించడం, కొత్త ఇంజెక్టరు మీద ముద్రించిన సంకేతాన్ని నమోదు చేయడం, క్లచ్ పెడలు లేని గేర్‌బాక్సులో క్లచ్ మార్చిన తరువాత దాని పట్టును మళ్లీ నేర్పించడం, ముందు కెమెరాను, రాడారును అద్దం గాని బంపరు గాని మార్చిన తరువాత మళ్లీ సరిచూడటం వంటి వాటికి చాలావరకు తయారీదారు వ్యవస్థతో అనుసంధానం కావాలి. ఇంజెక్టరు సంకేతం ఎక్కించకపోయినా ఇంజను స్టార్టవుతుంది, అదే మోసం. ఆ సిలిండరుకు అందే డీజిల్ కాస్త ఎక్కువో తక్కువో అవుతూ, మసి పెరిగి, కొన్నాళ్లకు ఆ భారం డీపీఎఫ్ మీద పడుతుంది.

డీపీఎఫ్, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే యూరియా వ్యవస్థల విషయంలో పాడైన తరువాత డీలరు దగ్గరికి పరుగెత్తేకన్నా ముందే అతని సలహాకు డబ్బు కట్టడం తెలివైన పని. డీపీఎఫ్‌లోని మసిని పదే పదే బలవంతంగా కాల్పించవలసి వస్తున్నదంటే తప్పు డీపీఎఫ్‌ది కాకపోవచ్చు. కారే ఇంజెక్టరో, ఆయిలు వదిలే టర్బోనో, పాడైన సెన్సరో దాని వెనుక ఉండవచ్చు, ఆ కారణం వెతకడానికే మీరు డబ్బు కడుతున్నారని కౌంటరు దగ్గర స్పష్టంగా చెప్పండి. లేకపోతే ఇంకొకసారి కాల్చి, బిల్లు ఇచ్చి పంపుతారు. పేరుకున్న బూడిదను దించి శుభ్రం చేయడం ప్రత్యేక యంత్రంతో చేసే పని, నీళ్ల పైపుతో కడిగేవాళ్ల చేతికి ఇవ్వకూడదు. యూరియా ద్రావణం విషయంలో మీ బాధ్యతే ఎక్కువ. ఐఎస్ఓ 22241 ప్రమాణానికి సరిపోయే, 32.5 శాతం యూరియా ఉన్న మూసిన డబ్బానే వాడండి. డీజిల్ పోసిన గరాటుతో దాన్ని పోయకండి. కొద్దిపాటి డీజిల్ కలిసినా పంపూ గొట్టాలూ మొత్తం మార్చవలసి రావచ్చు, అది వారంటీలోకి రాదు.

వారంటీ గురించి మీ భయం సగం సబబైనదే. షరతులు తయారీదారును బట్టీ దేశాన్ని బట్టీ మారతాయి కాబట్టి మీ వారంటీ పుస్తకం చదవకుండా ఎవరు చెప్పినా నమ్మకండి, నేను చెప్పినా సరే. అయితే దాదాపు ప్రతి తగాదాలోనూ నేను చూసినది, ఎవరు చేశారన్నదానికన్నా చేసినట్టు రుజువు ఉందా అన్నదే వాదనలో నిలిచింది. బయట ఆయిలు మార్పించినప్పుడు తేదీ, కిలోమీటర్లు, ఆయిలు తరగతి, ఫిల్టరు భాగం సంఖ్య రాసి ఉన్న బిల్లు తీసుకుని, ఖాళీ డబ్బా మీది లేబులును ఫోటో తీసి పెట్టుకోండి. ఆ కాగితాలు లేని లారీ యజమాని ఎంత నిజాయితీపరుడైనా ఇంజను పట్టేసిన రోజున అతని మాట నిలవదు. ఇంజనుకు, గేర్‌బాక్సుకు, ఎగ్జాస్టు శుద్ధి వ్యవస్థకు వారంటీ గడువులు వేర్వేరుగా ఉండటం మామూలే, అన్నిటికీ ఒకే తేదీ అనుకోకండి.

డీలరు జాబితాలో నేను కొట్టేయమనేవి కొన్ని ఉన్నాయి. తయారీదారు పుస్తకంలో లేని ఇంజను లోపలి కడుగుడు ద్రావణాలు, డీజిల్‌లో కలిపే సీసాలు, గడువు రాకముందే మార్చే ఫిల్టర్లు ఈ కోవలోవి. గాలి ఫిల్టరును దాని నిరోధాన్ని చూపే సూచికను బట్టి మార్చాలి. మాటిమాటికీ తీసి గాలి కొట్టి మళ్లీ పెట్టడం వల్ల దాని కాగితం చిరుగుతుంది, అంచు సీలు చెడుతుంది, దుమ్ము తిన్నగా టర్బోలోకి వెళుతుంది. ఇక "తనిఖీ" అని రాసి ఉన్న పది పన్నెండు పనులను కొట్టేయనక్కర్లేదు గాని, వాటికి టిక్కుకు బదులు అంకె రాయమని అడగండి. లైనరు మందం ఎన్ని మిల్లీమీటర్లు, టైరు గాడి లోతు ఎంత, బ్యాటరీ పరీక్ష ఫలితం ఎంత, కింగ్ పిన్ వదులు ఎంత అన్నవి జాబ్ కార్డులో రాయించుకోవాలి. అంకె రాయాలంటే కొలవాలి, కొలవాలంటే కిందికి దూరాలి. ఈ ఒక్క అడుగుతో డీలరు దగ్గర మీ లారీకి జరిగే తనిఖీ తీరే మారిపోతుంది. నేను సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు అలా అడిగే యజమాని లారీని మేము అందరికన్నా అనుభవమున్న మెకానిక్ చేతికి ఇచ్చేవాళ్లం, తిట్టుకుంటూనే.

ఏడాదికింత అని ముందే కట్టే సర్వీసు ఒప్పందాల గురించి మీరు అడగలేదు గాని డీలరు తప్పకుండా ఆశపెడతాడు. దూరప్రయాణాలు చేస్తూ ఏ ఊళ్లో ఆగినా అదే సంస్థ వర్క్‌షాపు దొరికే లారీకి, లేదా లారీ ఒక్కరోజు నిలిచినా పెద్ద నష్టం వచ్చేవారికి అది లాభమే కావచ్చు. సంతకం పెట్టే ముందు బ్రేకు లైనర్లు, క్లచ్, బ్యాటరీ వంటి అరిగే భాగాలు అందులో ఉన్నాయా లేదా, డీపీఎఫ్ బూడిద శుభ్రత ఉందా లేదా చూడండి. ఆయిలు, ఫిల్టర్లు మాత్రమే ఉన్న ఒప్పందమైతే మీరు కొంటున్నది మీకు అంతగా అవసరం లేని భాగాన్నే.

మీ వచ్చే సర్వీసుకు నేనైతే ఇలా చేస్తాను. డీలరు దగ్గర అపాయింట్‌మెంటు తీసుకుని, పెండింగులో ఉన్న రీకాల్ పనులు, సాఫ్ట్‌వేరు మార్పులు ఉన్నాయేమో లారీ ఛాసిస్ నంబరుతో చూడమంటాను. కంప్యూటరులో నిలిచి ఉన్న లోపాల జాబితాను, డీపీఎఫ్ మసి, బూడిద స్థాయిలను ముద్రించి ఇమ్మంటాను. వారంటీ ముగిసే వరకు ఆయిలు, డీజిల్ ఫిల్టర్ల మార్పును కూడా అక్కడే చేయించి, పాత ఫిల్టర్లను వెంట తెచ్చుకుని ఆయిలు ఫిల్టరును కోసి లోహపు రజను ఉందేమో చూస్తాను. ఆ జాబితాలోంచి గ్రీజు పని కొట్టేసి, మరునాడు మీ మెకానిక్ దగ్గర ముందు ఇరుసు లేపించి, పక్కన నిలబడి పెట్టిస్తాను. చక్రాలు ఏ కారణంతో విప్పినా, ఎవరు విప్పినా, నట్లను టార్క్ రెంచితోనే బిగించారా అని అడుగుతాను. 22 మిల్లీమీటర్ల స్టడ్లున్న చాలా చక్రాలకు అది 600 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, మీ పుస్తకంలోని అంకే ప్రమాణం. అక్కడి నుంచి బయలుదేరి 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు ఒకచోట లారీ ఆపి, అదే రెంచితో ప్రతి నట్టునూ ఇంకొకసారి చూస్తాను.